ఫోనులో విప్పిన బోల్టు

నరసరావుపేటలో ముప్పై నాలుగేళ్ళు కార్ల కింద పడుకున్నాను. కొందరు కుర్చీలో కూర్చుని రిటైరవుతారు, నేను పడుకుని రిటైరయ్యాను. చదివింది ఫిజిక్సులో బీయస్సీ. ఘర్షణ అనే పాఠంలో మంచి మార్కులే వచ్చాయి. ఆ తర్వాత జీవితమంతా ఆ పాఠమే నడిచింది. షెడ్డులో నన్ను బీయస్సీ మేస్త్రి అనేవాళ్ళు. అందులో గౌరవం ఎంత, వెటకారం ఎంత అనేది పిలిచేవాడి బండి పరిస్థితిని బట్టి ఉండేది.

ఐటీఐ చదివి ఈ పనిలోకి వస్తున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. మా పనిలో ప్రమోషన్లు లేవు, కాబట్టి వాటి గురించి రాసే శ్రమ తప్పింది. నేను రాసేది పట్టేసిన బోల్టు గురించి. ఇంకొంచెం సూటిగా చెప్పాలంటే, తుప్పు పట్టిన ఒక బోల్టు దగ్గర కోటేశ్వరరావు అనే పశువుల డాక్టరు కుడి చెయ్యి ఎలా పోయింది, అందులో నా వాటా ఎంత అనే దాని గురించి. ఆ వాటా సంగతి ఇంతవరకు ఎవరూ అడగలేదు. ఆస్పత్రిలో అడగలేదు, అతని ఊళ్ళో అడగలేదు, అతని భార్య కూడా అడగలేదు. అడగకపోయినా చెప్పేవాణ్ణి వాగుడుకాయ అంటారు. ఆ పేరు నాకు ఎటూ ఉంది.

తుప్పు

మెకానిక్ అంటే బండిని బాగుచేసేవాడని జనం అనుకుంటారు. బాగుచేయడం చిన్న పని. పెద్ద పని విప్పడం. కొత్త సామాను బిగించడానికి పది నిమిషాలు పడుతుంది, పాతది ఊడదీయడానికి పొద్దంతా పడుతుంది. ఈ మాట ఏ పాఠ్యపుస్తకంలోనూ ఉండదు. ఉంటే ఎవరూ చేరరు.

ముందు చక్రాన్ని బండి ఒంటికి కలిపి ఉంచే ఇనుప చెయ్యి ఒకటి ఉంటుంది. లోయర్ ఆర్మ్ అంటాం. అది బండికి తగిలే చోట రబ్బరు బుష్, బుష్ మధ్యలో చిన్న ఇనుప గొట్టం, ఆ గొట్టంలోంచి వేలెడు లావు బోల్టు. గతుకులో పడ్డప్పుడల్లా ముందువైపు నుంచి 'టక్ టక్' మంటే ఆ బుష్ అరిగిందని అర్థం. మార్చాలంటే బోల్టు రావాలి. ఏళ్ళ తరబడి నీళ్ళు తాగిన బోల్టు ఆ గొట్టంతో ఏకమైపోతుంది. దాన్నే పట్టేసింది అంటాం. నడుం పట్టేసింది అన్నప్పుడు ఎంత బాధో ఇక్కడా అంతే. కాకపోతే ఇక్కడ బాధ బండిది కాదు, మనది.

ఇలాంటి బోల్టుకి ఒక మాయ ఉంది. స్పానర్ వేసి లాగితే కదులుతుంది. వచ్చేసిందిరా దేవుడా అనుకుంటారు. వదలగానే మెల్లగా వెనక్కి వస్తుంది. అసలు జరిగేది ఏమిటంటే, బోల్టుతోపాటు గొట్టం తిరుగుతుంది, గొట్టంతోపాటు రబ్బరు మెలిపడుతుంది, వదిలితే రబ్బరు మళ్ళీ తన చోటికి వస్తుంది. లోపల బోల్టు మాత్రం గొట్టాన్ని ఇసుమంత కూడా వదల్లేదు. ఇలా వెనక్కి వచ్చే బోల్టుని బలంతో తీయలేరు. కోయాలి. ఈ పేరా రెండుసార్లు చదవండి. నేను ఈ సంగతి తెలిసి కూడా తెలియనట్టు మాట్లాడిన రోజు ఒకటి ముందు వస్తుంది.

మా పల్నాట్లో వాన తక్కువ, తుప్పు ఎక్కువ. కారంటే ఇక్కడ సగం ట్రాక్టరు. డిక్కీలో యూరియా బస్తా వేస్తారు, బస్తాకి చిల్లు ఉంటుంది, కారిన యూరియా చెమ్మకి కరిగి కిందికి దిగుతుంది. ఆదివారం సాగర్ కాలవ పక్కన బండి దింపి బర్రెతోపాటు దాన్నీ కడుగుతారు. సాయంత్రం తెచ్చి కొట్టం పక్కన పెడతారు. బర్రె ఉచ్చ కాలవకట్టి సరిగ్గా ముందు చక్రాల కిందికి వస్తుంది. రోజూ దాని ఆవిరి పట్టిన బోల్టుని చూస్తే అది ఇనుమో, పుట్టమన్నో చెప్పడం కష్టం. కోటేశ్వరరావు బండి ఈ రకానిది. పశువుల డాక్టరు ఇంట్లో కారు కన్నా బర్రెకి మర్యాద ఎక్కువ ఉండటం న్యాయమే.

మస్తాన్ మేస్త్రి

నాకు పని నేర్పింది మస్తాన్ మేస్త్రి. బడికి వెళ్ళిన మనిషి కాదు. నేను చేరిన మొదటి వారంలో పట్టేసిన బోల్టు ఒకటి అప్పగించి, పక్కన గొంతుకూర్చుని, "ముందు బిగించు" అన్నాడు.

"విప్పమంటివి గదా మేస్త్రీ, బిగించమంటావేంది?"

"నీ కాలేజీలో చెప్పలా? తుప్పు తెగాల ముందు. అది ఎటు కదిల్నా కదిలినట్టే. ఎనక్కి రాను అన్నోణ్ణి ఓ అడుగు ముందుకి నెట్టు, పట్టు జారుద్ది."

ఇది నిజం. విప్పే ముందు వెంట్రుకవాసి బిగించాలి, మళ్ళీ విప్పాలి, మళ్ళీ బిగించాలి. మరలు ముందే తీగ బ్రష్షుతో గీకాలి. నూనె ఇవాళ పోసి ఇవాళే రమ్మనకూడదు, రెండు మూడు రోజుల ముందు నుంచి పూటకోసారి పోయాలి. తల మీద సుత్తితో నిటారుగా నాలుగు దెబ్బలు వేయాలి, కోపం లేకుండా. మా వైపు మనుషులకి ఈ చివరిది కొంచెం కష్టం. ముందుకీ వెనక్కీ ఆడించడం అంటే ఓడిపోయినట్టు భావిస్తారు. అందుకని స్పానర్ తోకకి నాలుగడుగుల ఇనుప పైపు తొడిగి ఒక్క లాగుడు లాగుతారు. దాన్ని 'పైపెయ్యడం' అంటారు. బోల్టు వస్తే మొనగాడు. విరిగితే బోల్టు కంపెనీ మంచిది కాదు.

నేను కూడా చేరిన ఏడాదే గురజాల నుంచి వచ్చిన ఒక బండికి పైపేసి బోల్టు మధ్యకి విరిచాను. మేస్త్రి మధ్యాహ్నం దాకా కూర్చుని విరిగిన ముక్కని డ్రిల్లుతో తొలిచి తీశాడు. చేతులు కడుక్కుంటూ, "బలం నీదే లేరా, బోల్టే నీది కాదు" అన్నాడు. అంతే. తిట్టి ఉంటే మర్చిపోయేవాణ్ణి.

షెడ్డులో బండిని ఎత్తి నిలబెట్టే ఇనుప స్టాండ్లు రెండే ఉండేవి. మిగతా బళ్ళ కింద నాపరాళ్ళు పేర్చేవాళ్ళం. ఇందులో మాకు వింతేమీ లేదు. పల్నాట్లో మనిషి నాపరాయి మీద పుట్టి నాపరాయి మీద పోతాడు. ఇంట్లో నేల అదే, మెట్లు అవే, అటకలు అవే, దొడ్డి చుట్టూ పాతిన ప్రహరీ అదే, పశువుల తొట్టి అదే. ఇల్లు కట్టాక మిగిలిన ముక్కలు ప్రతి దొడ్లో ఓ మూల ఉంటాయి. ఏది ఎత్తు చాలకపోయినా ఓ ముక్క తెచ్చి కింద పెడతాం.

మస్తాన్ మేస్త్రి బండి కిందికి దూరే ముందు ఒక పని చేసేవాడు. పేర్చబోయే ప్రతి రాయినీ స్పానర్‌తో ఒక దెబ్బ కొట్టి, తల వంచి వినేవాడు. కొన్నిటిని పక్కన పడేసేవాడు. ఎందుకో చెప్పేవాడు కాదు. బీయస్సీ చదివిన నేను అది దణ్ణం లాంటిదేదో అనుకున్నాను. సాయంత్రం టీ బంకు దగ్గర ఆయన్ని అనుకరించి చూపించేవాణ్ణి. చెంచాతో బల్ల మీద కొట్టి, చెవి ఆనించి, "రాయిగారూ, ఇంట్లో అంతా కులాసానా?" అనేవాణ్ణి. అందరూ పడిపడి నవ్వేవాళ్ళు. ఒకసారి మేస్త్రి కూడా చూసి నవ్వాడు. మర్నాడు పొద్దున మళ్ళీ కొట్టి విన్నాడు.

ఆయన గొప్ప పనివాడు, చెడ్డ గురువు. చూసి నేర్చుకో అనేవాడు. చూసి నేర్చుకునేవాడికి ఏది పనో, ఏది అలవాటో తెలియదు. రెండూ నేర్చుకుంటాడు, లేదా నాలాగా తనకి నచ్చినవి నేర్చుకుంటాడు. ఆయన వెళ్ళిపోయాక షెడ్డులో రాళ్ళు మిగిలాయి, దెబ్బ కొట్టడం పోయింది. నా హయాంలో ఏ రాయీ పగల్లేదు. దాన్ని నా తెలివి కింద జమకట్టుకున్నాను.

ఇంటి పని

ఇప్పుడు ఇంటి దగ్గరే బండి విప్పుకోవడం ఎక్కువైంది. ఫోనులో వీడియో పెట్టుకుని చేస్తారు. చేసుకోవద్దని నేననను. తన బండి కింద ఏముందో తెలిసిన మనిషి తెలియనివాడి కంటే మేలు. నా అభ్యంతరం వీడియోల మీద. అందులో బోల్టులు అరటిపండు తొక్కలా వచ్చేస్తాయి. పట్టేసిన బోల్టు దగ్గర కెమెరా ఆపి, అది ఊడాక మళ్ళీ మొదలుపెడతారు. మధ్యలో గడిచిన మూడు గంటలూ, తిట్టిన తిట్లూ కోసేస్తారు. చూసేవాడు తన బోల్టు రాకపోతే తనలోనే లోపం ఉందనుకుంటాడు. సిగ్గు పుడుతుంది. సిగ్గుతో పనిచేసేవాడు ఆగడు.

ఇంకో రకం ఉంది. అది వీడియో కన్నా ప్రమాదం. తెలిసిన మేస్త్రికి ఫోన్ చేసి అడగడం. వీడియోకి కనీసం జోకులు వేసే సరదా ఉండదు.

కోటేశ్వరరావుది రొంపిచర్ల దాటాక చిన్న ఊరు. నాకన్నా పదేళ్ళు చిన్న. పెద్ద డిగ్రీ లేదు, శిక్షణ తీసుకుని పశువులకి సూదులు వేసేవాడు, కాన్పులు చూసేవాడు. జనం డాక్టరు అనేవాళ్ళు, నేను కూడా. సన్నటి పొడుగాటి కుడి చెయ్యి. బర్రె ఈనలేక అవస్థ పడుతుంటే ఆ చెయ్యి భుజం దాకా లోపలికి వెళ్ళి, అడ్డం తిరిగిన దూడని కళ్ళతో చూస్తున్నట్టే సరిచేసి తెచ్చేది. చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ళలో ఆ చేతి కోసం కబురు చేసేవాళ్ళు. మనిషిని కాదు, చేతిని. "డాక్టరు చెయ్యి పడితే చాలు" అనేవాళ్ళు. ఆ చేతితోనే సంసారం నడిచేది. ఆ చెయ్యిని ఊళ్ళకి చేర్చడం కారు పని.

పదిహేనేళ్ళు అతని బండి నా చేతి కిందే ఉంది. ఇద్దరం పరాచికాలు ఆడుకునేవాళ్ళం. నువ్వూ కనపడని చోట చెయ్యి పెట్టి పనిచేస్తావు, నేనూ అంతే అని నేను అంటే, "నావి కేకలు పెడతయ్ అన్నా, నీవి పెట్టవు, అదే తేడా" అనేవాడు.

ఆదివారం పది గంటలకి

నేను రిటైరైన రెండో ఏడు. టీ బంకు బల్ల మీద మా పాత జట్టు నలుగురం కూర్చుని ఉన్నాం. కోటేశ్వరరావు ఫోన్ చేశాడు. నేను స్పీకర్ పెట్టాను. వినికిడి తగ్గి కాదు, వినేవాళ్ళు ఉన్నారని. అటువైపు కూడా స్పీకరే. అతని భార్య పద్మ ఫోను పట్టుకుని నిలబడి ఉంది, అతను చక్రం తీసేసిన చోట కూర్చుని, బండి కిందికి చెయ్యి పెట్టి ఉన్నాడు.

"అన్నా, బోల్టు రావట్లా."

"నీకు రానివి చానా ఉన్నయ్ డాక్టరూ, ఏ బోల్టు?"

బల్ల మీద నవ్వులు.

"ముందు కింద చేతిది. బుష్ బోల్టు. వీడియోలో ఆడు రెండు తిప్పులకి తీశాడు."

"ఆడి బండి బర్రెల కొట్టంలో పడుకోదుగా."

"సర్లే, చెప్పన్నా. మజ్జాన్నానికి పక్కూరు పోవాల. బండి లేకపోతే ఎట్టా?"

"నూనె పోశావా?"

"మొన్నటి నించీ పోస్తన్నా."

"ముందు బిగించి చూశావా?"

"చూశా. కదిలినట్టే కదిలి మళ్ళీ ఎనక్కొస్తంది."

ఆ ఒక్క మాటతో నాకు అంతా తెలిసిపోయింది. బోల్టు గొట్టానికి అతుక్కుంది. లాగితే రాదు, కోయాలి. కోయాలంటే గ్రైండరు కావాలి, పక్కన బ్రేకు గొట్టం తెగకుండా చూసే అనుభవం కావాలి. అంటే నేను వెళ్ళాలి. మోటారు సైకిల్ మీద ముప్పావు గంట. ఎండగా ఉంది. టీ ఇంకా సగం ఉంది. బల్ల మీద ముగ్గురు నా వైపు చూస్తున్నారు. బీయస్సీ మేస్త్రి నోటి నుంచి 'నాకు చేతకాదు, ఆగు' అనే మాట ఎలా ఉంటుందో వాళ్ళెప్పుడూ వినలేదు.

"పైపెయ్యి" అన్నాను.

తర్వాత, అడగాలి కాబట్టి అడిగాను. "కింద ఏం పెట్టావు?"

"జాకీ ఉంది. పక్కన రాయి పెట్టా అన్నా. మన నాపరాయే, మూడు ముక్కలు."

ఇక్కడ ఒక ప్రశ్న ఉంది. ఏ రాయి, ఎక్కడిది, ఎలా పేర్చావు, నేల గట్టిదేనా అని. ఆ ప్రశ్న ఉండాల్సిన చోట నాకు జోకు దొరికింది.

"ఆ రాయి మీద మూడంతస్తుల మేడలు లేస్తన్నయ్, నీ డొక్కు బండి ఓ లెక్కా! పైపెయ్యి!"

బల్ల మీద అందరూ నవ్వారు. ఫోనులో పద్మ కూడా నవ్వింది.

"ఒక చేత్తో స్పానర్ జారకుండా బోల్టు తల దగ్గర అదిమిపట్టు. రెండో చేత్తో పైపు లాగు."

"ఏ చెయ్యి యాడ అన్నా?"

పని ప్రకారమైతే బలమైన చెయ్యి పైపు మీద ఉండాలి. కుడి చెయ్యి బయట, ఎడమ చెయ్యి లోపల. మామూలుగా నేను ఎవరికైనా అదే చెబుతాను. కానీ నోటి చివర ఇంకో మాట సిద్ధంగా ఉంది, అది బాగుంది.

"కుడి చెయ్యి లోపల పెట్టు. దానికి అలవాటేగా, కనపడని చోట పని!"

ఆ రోజు అన్నిటికన్నా ఎక్కువ నవ్వు దానికే వచ్చింది. ఒకాయనకి టీ పొలమారింది. అటునుంచి కోటేశ్వరరావు కూడా, "నీ నోరు పడ" అని నవ్వాడు. నవ్వుతూనే లాగి ఉంటాడు. పైపు చరచర రాసుకున్న చప్పుడు, తర్వాత ఎండుకర్ర విరిగినట్టు ఒక చప్పుడు, ఆ తర్వాత ఇనుము నేలకి తగిలిన బరువైన చప్పుడు. పద్మ అరవలేదు. "ఏమైంది, ఏమైందయ్యా" అని మామూలు గొంతుతో రెండుసార్లు అడిగింది. అప్పుడు అరిచింది.

ఫోను ఎక్కడో మట్టిలో పడి ఉంది. మనుషులు పరుగెత్తుకొచ్చిన అడుగులు, "ఎత్తండ్రా, ఆ పక్క పట్టుకోండి, ఒరేయ్ ఆ పక్క" అన్న కేకలు మా బల్ల మీదికి వినిపిస్తున్నాయి. నేను ఫోను వైపు చూస్తూ కూర్చున్నాను. పక్కనున్నాయన చెయ్యి చాపి స్పీకర్ ఆపేశాడు.

రాయి

మోటారు సైకిల్ మీద వెళ్తుంటే దారిలో ఒక ఆటో హారన్ ఆపకుండా కొట్టుకుంటూ ఎదురొచ్చి దాటిపోయింది. అందులో అతనే ఉన్నాడని నాకు తెలియదు. ఊరికి వెళ్ళేసరికి దొడ్లో బండి ఒక పక్కకి ఒరిగి ఉంది. చక్రం తీసేసిన చోట ఉండే బ్రేకు డిస్కు, ఆ గుండ్రటి ఇనుప పళ్ళెం, మట్టిలో నాలుగు వేళ్ళు దిగి ఉంది. పైపు లాగిన ఊపుకి బండి జాకీ మీద నుంచి జారింది. జారిన బరువంతా రాళ్ళ మీదికి వచ్చింది. పై రాయి నిలువునా కాదు, అడ్డంగా, పుస్తకం తెరిచినట్టు పొరలుగా విడిపోయింది. ఆ క్షణాన అతని చెయ్యి డిస్కుకీ నేలకీ మధ్య ఉందట.

అక్కడ వెంకయ్య అనే ముసలాయన ఉన్నాడు. వయసులో ఉన్నప్పుడు మాచర్ల వైపు నాపరాయి క్వారీల్లో పనిచేసిన మనిషి. ఆ రాయి ముక్క చేతిలోకి తీసుకుని, ఇంకో రాయితో కొట్టాడు. 'దబ్' మంది, తడిసిన తలుపు మీద కొట్టినట్టు. తర్వాత ప్రహరీకి పాతిన రాయి మీద కొట్టాడు. గంట మోగినట్టు ఖంగుమంది.

"ఈ రాయి ఎప్పుడో సచ్చిపోయిందయ్యా. పాత తొట్టి ముక్క. నీళ్ళు తాగి లోపల పొర ఇడిసింది. పైకి కనపడదు. కొడితే చెప్పేది" అన్నాడు.

మస్తాన్ మేస్త్రి రాళ్ళని పలకరించింది దేనికో నాకు ఆ నిమిషంలో తెలిసింది. ముప్పై ఏళ్ళ క్రితం అడిగి ఉంటే ఒక వాక్యంలో చెప్పేవాడు. నేను అడగలేదు. అనుకరించాను.

గుంటూరులో రెండు ఆపరేషన్లు చేశారు. చెయ్యి ఉంచారు, వేళ్ళు ముడుచుకుపోయాయి. అక్కడి సర్జన్ దాన్ని మంచి ఫలితం అన్నాడు. ఆయన దృష్టిలో అది నిజమే అయ్యుంటుంది.

ఆస్పత్రిలో మంచం పక్కన నిలబడ్డాను. ఏం మాట్లాడాలో దారి పొడుగునా కూడదీసుకున్నాను. నేను నోరు తెరిచే లోపలే కోటేశ్వరరావు చూడ్డానికి వచ్చిన చుట్టాలతో అన్నాడు.

"నేనే తొందరపడ్డా. మజ్జాన్నం పోవాలని."

పద్మ కూడా అంది, "అన్నయ్య పాపం అన్నీ అడుగుతానే ఉన్నాడు, కింద ఏం పెట్టావ్ అని కూడా అడిగాడు."

చుట్టాలు నా వైపు మెచ్చుకోలుగా చూశారు. నేను ఆ మాటని సరిదిద్దలేదు. గుమ్మం దాకా వెళ్ళి, బత్తాయిలు మంచం కింద పెట్టానని చెప్పడానికి మాత్రం వెనక్కి వచ్చాను. టీ బంకు దగ్గర వారం తిరిగేలోపు కథ ఇంకా మెరుగైంది. 'బీయస్సీ మేస్త్రి వద్దు వద్దు అంటున్నా వినకుండా పైపేశాడంట.' ఆ కథ చెప్పినవాళ్ళలో ఆ రోజు బల్ల మీద కూర్చుని నవ్వినవాళ్ళు కూడా ఉన్నారు. నేను అక్కడే కూర్చుని టీ తాగాను.

నెల తర్వాత వెళ్ళి ఆ బోల్టు నేను తీశాను. బండి కింద రెండు ఇనుప స్టాండ్లు పెట్టి, చక్రాలకి అడ్డు వేసి, గ్రైండరుతో గొట్టానికి రెండు పక్కలా బోల్టుని కోశాను. ఇరవై నిమిషాలు పట్టింది. కొత్త బోల్టు వేశాను. పాతది ఎంత బాగా కనిపించినా మళ్ళీ వేయకండి. బండిని నేలకి దించి, బరువు చక్రాల మీద పడ్డాక చివరి బిగింపు బిగించాను, గాల్లో బిగిస్తే కొత్త రబ్బరు మెలిపడి ఆరు నెలల్లో చిరుగుతుంది. ఇవన్నీ మీకు పనికొస్తాయి కాబట్టి రాశాను. అన్నీ నాకు ఆ ఆదివారం కూడా తెలుసు.

తెలియక చేసిన తప్పుల గురించి పెద్దవాళ్ళు చాలా రాస్తారు. చదవడానికి హాయిగా ఉంటాయి. తెలిసి చేసినవి ఎవరూ రాయరు. మీ చేతిలో స్పానర్ ఉన్నంతకాలం మీ తప్పు మీ వేళ్ళకే తగులుతుంది, అందుకని జాగ్రత్త దానంతటదే వస్తుంది. స్పానర్ ఇంకొకడి చేతిలో పెట్టి మీరు నోటితో పనిచేసే రోజు వస్తుంది. సీనియర్ అంటే అదే. ఆ రోజు నుంచి మీరు ప్రమాదకరమైన మనుషులు.

కొట్టం దగ్గర

మొన్న శీతాకాలంలో కోటేశ్వరరావు బండి బ్రేకులు చూడ్డానికి వాళ్ళ ఊరు వెళ్ళాను. ఇప్పుడు దాన్ని అతని బావమరిది నడుపుతున్నాడు. కోటేశ్వరరావు మందుల డబ్బా ముందు కూర్చుని, ఏ పశువుకి ఏది పట్టించాలో చెబుతుంటాడు. ఎడమ చేత్తో సూదులు వేయడం నేర్చుకుంటున్నాడు. కాన్పులకి ఎవరూ కబురు చేయడం లేదు.

నేను చక్రం విప్పుతుండగా పక్కింటి సుబ్బమ్మ పరిగెత్తుకొచ్చింది. వాళ్ళ బర్రె పొద్దుటి నుంచి నొప్పులు పడుతోంది, దూడ రావడం లేదు. ఊళ్ళో ఉన్న డాక్టరు ఇతనే. అందరం వెళ్ళాం. బర్రె పక్కకి పడిపోయి మూలుగుతోంది. సుబ్బమ్మ మొగుడు శ్రీను చొక్కా విప్పి, చేతికి సబ్బు రాసుకుని లోపలికి పెట్టాడు. కోటేశ్వరరావు పక్కన గొంతుకూర్చున్నాడు. కుడి చెయ్యి కండువా కింద ఉంది.

"తగిలింది బాబాయ్, కాలు! లాగనా?"

"ముందుదా, ఎనకదా?"

"కాలంటే కాలే. లాగనా?"

"గిట్ట కాడి నించి పైకి తడుముకుంటా పో. రెండో కీలు ఎటు మడుస్తందో చూడు."

శ్రీను ముఖం చిట్లించి కాసేపు తడిమాడు. "తెలవట్లా."

"తల తగిలిందా?"

"ఏందో మెత్తగా ఉంది. తలో, ఇంకోటో."

"అయితే లాగమాక. చెయ్యి తీసెయ్."

"తీసెయ్యడమేందయ్యా, నా బర్రె సచ్చిపోద్ది!" సుబ్బమ్మ ఏడుపు గొంతుతో అరిచింది. "ఇన్నేళ్ళు చూస్తివి, ఎటు లాగాలో చెప్పలేవా?"

"నాకు కనపడదు, ఆడికి తెలవదు. ఇట్టా లాగితే దూడతోపాటు బర్రె కూడా పోద్ది సుబ్బమ్మా. పేట డాక్టరుకి ఫోన్ చెయ్యండి. అప్పటిదాకా ఎవురూ ముట్టమాకండి."

చుట్టూ చేరినవాళ్ళలో ఒకతను గొణిగాడు, "మరీ ఇంత బయమైతే ఎట్టా డాక్టరూ? ఓ మాటు లాగి చూస్తే పోయేదేముంది?"

కోటేశ్వరరావు తల తిప్పి నా వైపు చూశాడు. ముఖంలో ఏమీ లేదు.

"మా బీయస్సీ అన్ననడుగు. అన్నైతే ఈపాటికి పైపెయ్యమనేవోడు."

ఒక్క క్షణం ఆగి అందరూ నవ్వారు. సుబ్బమ్మ కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. మంచి జోకు. సరైన చోట పడింది, ఒక్క మాట ఎక్కువ లేదు. ఆ ఆదివారం గురించి అతను నన్ను అన్న మాట అదొక్కటే. నేను కూడా నవ్వాను, అందరికన్నా కొంచెం ఆలస్యంగా.

నరసరావుపేట నుంచి డాక్టరు గంటంపావు తర్వాత వచ్చాడు. కుర్రవాడు, నెమ్మదస్తుడు. చొక్కా విప్పి చెయ్యి పెట్టి చాలాసేపు కళ్ళు మూసుకుని పనిచేశాడు. దూడ మెడ వెనక్కి మడతపడి ఉందట. చచ్చి వచ్చింది. బర్రె బతికింది. అది తల ఎత్తి నీళ్ళు తాగడం చూసి సుబ్బమ్మ దాని మెడ మీద పడి ఏడ్చింది.

డాక్టరు బకెట్టులో చేతులు కడుక్కుంటూ అడిగాడు.

"ఇందాక లాగొద్దన్నది ఎవరండీ? లాగి ఉంటే లోపల చిరిగిపోయేది. బర్రె కూడా దక్కేది కాదు. ఎవరు?"

కోటేశ్వరరావు బళ్ళో పిల్లాడిలా చెయ్యి ఎత్తాడు. అలవాటు కొద్దీ కుడిదే ఎత్తాడు. కండువా జారి పడింది. అందరూ చూశారు. అతను కూడా దాని వైపు ఒకసారి చూసుకుని, దించేసి, ఎడమ చెయ్యి ఎత్తాడు.